కాల్ ఆఫ్ కథుల్హు తర్వాత ఏది? ఒకే రూల్స్‌తో నడిచే బీఆర్‌పీ (బేసిక్ రోల్‌ప్లేయింగ్) గేమ్స్ గురించి సలహా కావాలి

కీపర్_కూకట్‌పల్లి:

అందరికీ నమస్తే. మా టేబుల్ దగ్గర నాతో కలిపి ఐదుగురం. అందరం ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళమే కాబట్టి నెలకి ఒక్క ఆదివారం దొరికితే గొప్ప. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర పోషిస్తూ ఆడే భయం కథల గేమ్ కాల్ ఆఫ్ కథుల్హు, దాని స్టార్టర్ సెట్‌తో మొదలుపెట్టాం, అందులో సినారియోలు (ఆడే కథలు) అయిపోయాక 7వ ఎడిషన్ కీపర్ (ఆట నడిపే మనిషి) రూల్‌బుక్ తెప్పించుకుని ఇప్పటికీ అదే ఆడుతున్నాం. ఆట అందరికీ నచ్చింది. కానీ ఎప్పుడూ 1920ల అమెరికా, ఎప్పుడూ పాత ఇల్లు, చివర్లో ఎవరో ఒకరికి మతి చెడటం, దీంతో కొంచెం మార్పు కావాలని అందరూ అంటున్నారు. కత్తులు, దేవుళ్ళు, మంత్రాలు ఉండేది కావాలని ఇద్దరు, రాజులు, సామంతులు ఉన్న పెద్ద కథ కావాలని ఒకరు.

సమస్య ఏంటంటే కొత్త రూల్స్ నేర్చుకునే తీరిక ఎవరికీ లేదు. మా గ్రూపులో ఒకావిడ హాస్పిటల్‌లో నైట్ డ్యూటీలు చేస్తుంది, ఆవిడకి ఇంత లావు పుస్తకం ఇచ్చి చదువుకుని రమ్మని చెప్పలేను. స్కిల్ ఎంత శాతం ఉంటే డీ100లో (1 నుంచి 100 దాకా పడే పాచికలో) అంతకి సమానంగానో తక్కువగానో పడాలి, ఈ ఒక్క పద్ధతి మాత్రం అందరికీ బాగా అలవాటైంది. ఇదే రూల్స్‌తో రూన్‌క్వెస్ట్, పెండ్రాగన్, స్టార్మ్‌బ్రింగర్ లాంటివి చాలా ఉన్నాయని, అన్నిటికీ మూలం బేసిక్ రోల్‌ప్లేయింగ్ అని చదివాను.

నిజంగా ఒకటి వస్తే మిగతావి వచ్చేసినట్టేనా? ఒక గేమ్‌లోది తీసి ఇంకో గేమ్‌లో వాడుకోవచ్చా? బేసిక్ రోల్‌ప్లేయింగ్ పుస్తకం విడిగా కొనాలా? పాత ఎడిషన్లు కూడా సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తుంటాయి, చూసినప్పుడల్లా మనసు లాగుతుంది, వాటితో ఇప్పుడు ఆడుకోవడం కుదురుతుందా? ఈ ఏడాదికి ఒక్క హార్డ్‌కవర్ మాత్రమే కొనగలను, షిప్పింగ్ కూడా కలిపితే అంతకు మించి నావల్ల కాదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

నూరు_పాచిక:

మంచి ప్రశ్న అడిగారు. కొంచెం పొడుగ్గా చెప్తాను, ఎందుకంటే ఈ గేమ్స్ ఏ వరుసలో పుట్టాయో తెలిస్తే ఏది కొనాలో మీకే తెలిసిపోతుంది.

చాలామంది బేసిక్ రోల్‌ప్లేయింగ్ ముందు వచ్చింది, దాని మీద మిగతా గేమ్స్ కట్టారు అనుకుంటారు. జరిగింది తలకిందులుగా. కాలిఫోర్నియాలో గ్రెగ్ స్టాఫర్డ్ 1975లో కేయోసియం కంపెనీ పెట్టాడు, తను ఊహించుకున్న గ్లోరాంథా అనే లోకం మీద ఒక బోర్డు వార్‌గేమ్ వేసుకోవడానికి. ఆ లోకంలో రోల్‌ప్లేయింగ్ చెయ్యడానికి స్టీవ్ పెరిన్, రే టర్నీ, ఇంకొందరు కలిసి రాసిందే రూన్‌క్వెస్ట్, 1978లో వచ్చింది. అప్పటికి అందరూ ఆడుతున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో క్లాసులు, లెవెల్స్ ఉంటాయి కదా, ఇందులో అవి లేవు. మనిషికి స్కిల్స్ ఉంటాయి, ప్రతి స్కిల్‌కి శాతం ఉంటుంది, ఏది వాడితే అది పెరుగుతుంది. ఆ రూల్స్‌లోంచి గట్టి ఎముకలు మాత్రం ఏరి, 1980లో 16 పేజీల చిన్న పుస్తకంగా వేశారు. దాని పేరే బేసిక్ రోల్‌ప్లేయింగ్. 1981లో శాండీ పీటర్సన్ రాసిన కాల్ ఆఫ్ కథుల్హు పెట్టె తెరిస్తే అందులో ఆ 16 పేజీల పుస్తకం కూడా ఉండేది. అదే ఏడాది స్టార్మ్‌బ్రింగర్, తర్వాత సూపర్‌హీరోల కోసం సూపర్‌వరల్డ్, 1984లో ఎల్ఫ్‌క్వెస్ట్, రింగ్‌వరల్డ్, 1985లో స్టాఫర్డే స్వయంగా రాసిన పెండ్రాగన్, అన్నీ ఈ వంశమే. సూపర్‌వరల్డ్ గురించి ఒక ముక్క చెప్పకుండా ఉండలేను: జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్, స్నేహితులు కలిసి న్యూ మెక్సికోలో ఆ గేమ్ రాత్రుళ్ళు తెల్లవార్లూ ఆడి, ఆ పాత్రల్నే కథల్లోకి తీసుకెళ్ళారు, 1987లో మొదలైన వైల్డ్ కార్డ్స్ పుస్తకాలు అలా పుట్టినవే.

ఇక మీ ప్రశ్న. ఒకటి వస్తే మిగతావి వచ్చినట్టేనా అంటే, మీ ప్లేయర్ల వైపు నుంచి చూస్తే దాదాపు వచ్చినట్టే. క్యారెక్టర్ షీట్ చేతిలో పెడితే ఎక్కడ ఏముందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. బలం, ఒంటి దారుఢ్యం, సైజు, తెలివి, పవర్, చురుకు, కింద స్కిల్స్, పక్కన శాతాలు. స్కిల్ వాడి గెలిస్తే పక్కనున్న గడిలో టిక్కు పెట్టుకోవడం, సినారియో అయ్యాక ఆ స్కిల్ మీద మళ్ళీ డీ100 వేసి ఈసారి శాతం కంటే ఎక్కువ పడితే స్కిల్ పెరగడం, ఇది అన్నిట్లోనూ ఉంది. కథుల్హు 7లో అయితే డీ10 పెరుగుతుంది, రూన్‌క్వెస్ట్‌లో డీ6. నాకు ఈ వంశంలో అన్నిటికంటే ఇష్టమైన రూల్ ఇదే. వచ్చిన పని ఇంకా మెరుగవ్వడం కష్టం, రాని పని త్వరగా వస్తుంది, దానికి వేరే లెక్కలేమీ అక్కర్లేకుండా ఒక్క పాచిక వేస్తే సరిపోతుంది.

జీఎం, అంటే ఆట నడిపే మనిషి వైపు నుంచి మాత్రం తేడాలు ఉన్నాయి, అవి తెలుసుకుని దిగాలి. మీరు ఆడుతున్న 7వ ఎడిషన్ 2014లో వచ్చింది, అది ఈ వంశంలో కొంచెం పక్కకి నడిచింది. లక్షణాలన్నిటినీ 5తో గుణించి శాతాలుగా రాస్తారు, మీ షీట్ మీద బలం 65 అని ఉంటే మిగతా గేమ్స్‌లో అది 13. గట్టి పని అయితే స్కిల్‌లో సగం, మరీ గట్టిది అయితే అయిదో వంతు, బోనస్ డై, పెనాల్టీ డై, ఓడిపోయాక ఇంకోసారి తెగించి వెయ్యడం, ఇవన్నీ 7వ ఎడిషన్ సొంతం. పాత పద్ధతిలో రెసిస్టెన్స్ టేబుల్ ఉండేది, 50 శాతంతో మొదలుపెట్టి రెండు బలాల మధ్య తేడాకి ఒక్కో పాయింటుకి 5 శాతం కలపడమో తియ్యడమో. 13 బలం ఉన్నవాడు 10 బలం ఉన్నవాడితో పెనుగులాడితే 65 శాతం. ఇవాళ్టికీ రూన్‌క్వెస్ట్‌లో అది ఉంది.

నా అభిప్రాయం ఏంటంటే, రూల్స్ కలిసి ఉండటం చూసి గేమ్ ఎంచుకోకండి, ఆ ఉమ్మడి రూల్స్ మీద ఆ గేమ్ ఏం చేర్చిందో చూసి ఎంచుకోండి. కథుల్హులో శానిటీ (మతి ఎంత నిలిచి ఉందో చెప్పే అంకె) తీసేస్తే మిగిలేది మామూలు డిటెక్టివ్ గేమ్. రూన్‌క్వెస్ట్‌కి రూన్లు (శక్తి ఉన్న గుర్తులు), కల్ట్‌లు (ఒక్కో దేవుడిని కొలిచే సమూహాలు) అలాంటివి. ఏ దేవుడిని కొలుస్తావో దాన్నిబట్టి ఏ మంత్రం వస్తుంది, ఎవరు నీవాళ్ళు, ఎవరు పగవాళ్ళు, పండగ ఎప్పుడు, అన్నీ తేలిపోతాయి. అక్కడ మంత్రగాడు అనే విడి ఉద్యోగం లేదు, పొలం దున్నేవాడికి కూడా కత్తికి పదును పెంచే చిన్న మంత్రం వచ్చు. ఇంటి దేవుడు, కుల దేవత, గ్రామ దేవత అంటే ఏంటో పుట్టినప్పటి నుంచి తెలిసిన మనవాళ్ళకి గ్లోరాంథా అర్థం చేసుకోవడం చాలా తేలిక. బయటి దేశాల గ్రూపుల్లో కల్ట్ అంటే ఏంటో గంటసేపు వివరించాల్సి రావడం చూశాను, మన టేబుల్ దగ్గర ఆ అవసరం రాలేదు.

మీకు నా సలహా: కత్తులు, దేవుళ్ళు అడిగిన ఇద్దరి కోసం రూన్‌క్వెస్ట్ స్టార్టర్ సెట్. ఒంటరిగా ఆడుకునే అడ్వెంచర్ ఉంది, సిద్ధంగా ఉన్న క్యారెక్టర్లు ఉన్నాయి, పాచికలు ఉన్నాయి. లావు రూల్‌బుక్ తర్వాత సంగతి.

కీపర్_కూకట్‌పల్లి:

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. రూన్‌క్వెస్ట్ ఫైట్లు చాలా నెమ్మదిగా సాగుతాయని విన్నాను, అదొక్కటే టెన్షన్. మాకు ఒక ఆదివారం అంటే నాలుగు గంటలు. అందులో బిర్యానీకే గంట పోతుంది. ఇంకోటి, పెండ్రాగన్‌లో డీ100 కాదు, డీ20 అంటున్నారు. మరి అది అదే వంశం ఎలా అవుతుంది?

నూరు_పాచిక:

నెమ్మదే, దాచను. మనిషి ఒంటిని ఏడు భాగాలుగా చూస్తుంది, తల, ఛాతీ, పొట్ట, రెండు చేతులు, రెండు కాళ్ళు. దెబ్బ ఎక్కడ తగిలిందో డీ20 వేసి చూడాలి, అక్కడ కవచం ఎంతో చూడాలి, అవతలివాడు కత్తి అడ్డుపెడితే కత్తి ఎంత తట్టుకుందో చూడాలి. పైగా ప్రతి రౌండులో ఎవరు ముందు కదలాలో స్ట్రైక్ ర్యాంక్ లెక్క. కానీ ఫైట్ తక్కువ రౌండ్లలో అయిపోతుంది, ఎందుకంటే కాలికి గట్టి దెబ్బ పడగానే మనిషి కూలిపోతాడు, కూలినవాడు బతిమాలుకుంటాడు, గ్లోరాంథాలో బందీని పట్టి విడుదల సొమ్ము అడగడం మర్యాదైన పద్ధతి కాబట్టి చంపాల్సిన పని కూడా ఉండదు. ఒక సెషన్‌కి ఒకే ఫైట్ పెట్టుకోండి, ఆ ఒక్కటీ ఏదో ఒక ముఖ్యమైన విషయం మీద పెట్టుకోండి, నాలుగు గంటలు సరిపోతాయి.

పెండ్రాగన్ డీ20నే. అయితే డీ20 మీద ఒక్కో అంకె అంటే 5 శాతమే కదా, 15 ఉన్న స్కిల్ అంటే 75 శాతం. తక్కువ పడాలి అన్న సూత్రం అదే, టిక్కులు అవే, లక్షణాలు దాదాపు అవే. ఒక్క తేడా, సరిగ్గా మీ స్కిల్ అంకే పడితే క్రిటికల్, అంటే మామూలు గెలుపుని మించిన గెలుపు. ఇద్దరు పోటీ పడితే గెలిచినవాళ్ళలో ఎక్కువ అంకె పడ్డవాడిది పైచెయ్యి. మీ వాళ్ళకి పది నిమిషాల పని.

అర్ధరాత్రి_టేబుల్:

నేను కొంచెం వేరేగా చెప్తాను, నూరు_పాచిక అన్న ఏమీ అనుకోవద్దు. తీరిక లేని గ్రూపుకి, నైట్ డ్యూటీ చేసే మనిషి ఉన్న గ్రూపుకి రూన్‌క్వెస్ట్ ఇవ్వడం సరైన సలహా కాదని నా అభిప్రాయం. ప్లేయర్లు రూల్స్ చదవక్కర్లేదు, నిజమే, కానీ గ్లోరాంథా తెలుసుకోవాలి. వాళ్ళ తెగ ఏది, దేవుడు ఎవరు, లూనార్ సామ్రాజ్యం అంటే వీళ్ళకి ఎందుకు అంత కోపం, ఇవి తెలియకపోతే ఆ గేమ్‌లో సగం రుచి పోతుంది. నెలకొక్కసారి కూర్చునేవాళ్ళకి గత నెల పూజారి పేరే గుర్తుండదు. మేము దుబాయ్‌లో ఉండగా మా గ్రూపుతో ప్రయత్నించాం, అందరికీ లోకం నచ్చింది, అందరూ అలసిపోయారు.

మీరు ఉన్న చోటే ఉండి పక్కకి జరగడం మేలు. డెల్టా గ్రీన్ చూడండి. అది 1997లో కాల్ ఆఫ్ కథుల్హుకి అనుబంధ పుస్తకంగా వచ్చి, 2016లో సొంత గేమ్ అయింది. ఇప్పటి కాలం, ప్రభుత్వ ఏజెంట్లు, రహస్య సంస్థ. శాతాలు అవే. అది చేర్చింది ఏంటంటే బాండ్లు. మీ భార్య, తమ్ముడు, పాత స్నేహితుడు, ఒక్కొక్కరికి ఒక అంకె ఉంటుంది. భయంకరమైనది చూసినప్పుడు శానిటీ నష్టాన్ని కొంత ఆ బంధం మీదకి తోసెయ్యొచ్చు, మీరు నిలబడతారు, బంధం తరుగుతుంది. ప్రతి కేసు తర్వాత ఇంటికి వెళ్ళే సన్నివేశం ఒకటి ఆడాలి. మా టేబుల్ దగ్గర రాక్షసుల కంటే ఆ ఇంటి సన్నివేశాలకే అందరూ నిశ్శబ్దం అయిపోయేవాళ్ళు, పిల్లాడి స్కూల్ ఫంక్షన్‌కి రాలేదని భార్య అడిగే ప్రశ్నకి పాచికల్లో జవాబు లేదు. నీడ్ టు నో అనే క్విక్‌స్టార్ట్ (మొదలుపెట్టడానికి చిన్న రూల్స్ పుస్తకం) ఉంది, అది చదివి చూసి తర్వాత కొనండి.

ఇక కత్తులే కావాలంటే మిత్రాస్ చూడమంటాను. 2006లో రూన్‌క్వెస్ట్ పేరు ఇంగ్లండ్‌లో మాంగూస్ అనే కంపెనీ చేతిలోకి వెళ్ళింది, అక్కడ పనిచేసిన ఇద్దరు తర్వాత సొంతంగా రూన్‌క్వెస్ట్ 6 రాశారు, 2016లో పేరు వాడుకునే హక్కు అయిపోయాక అదే మిత్రాస్ అయింది. ఏ లోకానికీ కట్టుబడి లేదు. ఫైట్లో ఎవరు ఎంత బాగా గెలిచారో దాన్నిబట్టి, కాలు తగిలించి పడెయ్యడం, ఆయుధం ఊడగొట్టడం లాంటి ఎఫెక్ట్ ఎంచుకోవచ్చు. దాన్ని మించిన కత్తియుద్ధం రూల్స్ నేనెక్కడా చూడలేదు.

నూరు_పాచిక:

మిత్రాస్ ఎఫెక్ట్‌ల జాబితా చూసి ఎంచుకోవడానికి పట్టే టైమ్ స్ట్రైక్ ర్యాంక్ కంటే తక్కువేమీ కాదు తమ్ముడూ. కానీ లోకం నేర్చుకోవడం గురించి నువ్వన్నది మాత్రం ఒప్పుకుంటాను. అందుకే స్టార్టర్ సెట్ అన్నాను, అందులో కథ ఒక్క ఊరు, దాని చుట్టుపక్కలే తిరుగుతుంది.

పాత_బాక్సులు:

కలెక్షన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, ఇది నా ఇలాకా. ఈ వంశం గేమ్స్ కాలేజీ రోజుల నుంచి పోగేస్తున్నాను, ఇప్పుడు విశాఖలో ఒక బీరువా నిండా ఉన్నాయి.

ముందుగా, మిగతా గేమ్స్‌లో లేని సుఖం ఈ వంశంలో ఒకటుంది. పాత పుస్తకం ఏదీ పాడవదు. 1980ల్లో వచ్చిన కథుల్హు సినారియో తీసి ఇవాళ 7వ ఎడిషన్‌లో నడపాలంటే లక్షణాల్ని 5తో గుణించుకుంటే చాలు, స్కిల్స్ అలాగే పనికొస్తాయి, ఒకటి రెండు పేర్లు మారాయి అంతే. మీరు ఆడే ఉంటారు, ది హాంటింగ్ అనే సినారియో 1981 మొదటి పెట్టెలోంచి ఇప్పటి ఫ్రీ క్విక్‌స్టార్ట్ దాకా ప్రతి తరానికీ వస్తూనే ఉంది. వేరే పెద్ద గేమ్స్‌లో ఎడిషన్ మారితే పాత అరలన్నీ అటకెక్కుతాయి, ఇక్కడ ఎక్కవు. అందుకే పోగెయ్యడానికి అర్థం ఉంది.

కానీ కొనేది రూల్‌బుక్‌లు కాదు, సినారియోలు, క్యాంపెయిన్లు (చాలా సెషన్లు సాగే పెద్ద కథలు) కొనండి. నా గట్టి అభిప్రాయం ఇది. ఒకే 40 పేజీల రూల్స్‌ని వేర్వేరు అట్టలతో పదిసార్లు కొనడం వల్ల ఆడే ఆట ఏమీ పెరగదు. స్టార్మ్‌బ్రింగర్ ఎడిషన్లన్నీ పక్కపక్కన పెడితే చూడటానికి బాగుంటాయి, అయితే ఆడటానికి అదే గేమ్‌కి కొత్త రూపంగా 1993లో వచ్చిన ఎల్రిక్ ఒక్కటి చాలు, నా దృష్టిలో ఆ కాలపు పుస్తకాల్లో అంత శుభ్రంగా రాసింది ఇంకోటి లేదు. దాని మూల నవలల లైసెన్సు ఇప్పుడు కేయోసియం దగ్గర లేదు కాబట్టి సెకండ్ హ్యాండే గతి. లైసెన్సు మీద వచ్చిన రింగ్‌వరల్డ్, ఎల్ఫ్‌క్వెస్ట్ కూడా అంతే, మళ్ళీ అచ్చవుతాయని ఎదురుచూడకండి.

మీకు పాత పెట్టెల మీద మనసు ఉంటే ఒరిజినల్ కోసం వేలం పాటల్లోకి దిగొద్దు. రూన్‌క్వెస్ట్ 2వ ఎడిషన్‌ని రూన్‌క్వెస్ట్ క్లాసిక్ పేరుతో, కథుల్హు 2వ ఎడిషన్‌ని కాల్ ఆఫ్ కథుల్హు క్లాసిక్ పేరుతో కంపెనీవాళ్ళే మళ్ళీ వేశారు. చదువుకోవడానికి, ఆడటానికి అవి ఒరిజినల్ కంటే మేలు, పేజీ తిప్పితే ఊడిపోతుందన్న భయం ఉండదు. ఒకసారి బయటి దేశం నుంచి ఒక అమ్మకందారు దగ్గర కండిషన్ బాగుందని చెప్తే నమ్మి పెట్టె తెప్పించాను, వచ్చింది చూస్తే మ్యాపు లేదు, మధ్య పేజీలు తడిసి అతుక్కుపోయాయి. అప్పటి నుంచి ప్రతి మ్యాపూ, ప్రతి హ్యాండవుటూ విడివిడిగా ఫోటో అడగకుండా డబ్బు కట్టను. మీరూ కట్టకండి.

సముద్రం పక్కన ఊళ్ళవాళ్ళకి ఇంకో మాట. పెట్టె లోపల సిలికా జెల్ సంచులు పెట్టండి, గోడకి ఆనించకుండా అర పెట్టండి, వర్షాకాలంలో నెలకోసారి తీసి గాలికి ఉంచండి. పాత స్టేపిల్ పిన్నుల పుస్తకాలకి తుప్పు పట్టి ఆ తుప్పు కాగితాన్ని తినేస్తుంది. చెదలు సంగతి చెప్పక్కర్లేదు.

ఈ ఏడాది ఒక్క హార్డ్‌కవరే అన్నారు. పీడీఎఫ్‌లు చవక, షిప్పింగ్ లేదు. ఆడటానికి కావాల్సిన పేజీలు మాత్రం జిరాక్స్ షాపులో వేయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి, టేబుల్ మీద బిర్యానీ ప్లేట్ల పక్కన ఉండాల్సింది ఆ కాపీనే. హార్డ్‌కవర్ డబ్బు మీరు జీవితాంతం దగ్గర ఉంచుకోవాలనుకునే ఒక్క క్యాంపెయిన్ మీద పెట్టండి.

కారెంపూడి_కుర్రాడు:

పెండ్రాగన్ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు, నాకు ప్రాణం అది, కాబట్టి రాస్తున్నాను.

రాజులు, సామంతులు కావాలన్న మీ మూడో మనిషికి అదే. ఆర్థర్ రాజు కాలం, అందరూ నైట్లే, అంటే ప్రభువు కోసం గుర్రమెక్కి పోరాడే వీరులే. ఇందులో స్కిల్స్ కంటే ముందు మనిషి స్వభావం ఉంటుంది. దయ ఒకవైపు, క్రూరత్వం ఒకవైపు, రెండూ కలిపితే 20. ధైర్యం, పిరికితనం అలాగే. ఇలాంటి జంటలు పదమూడు. మీరు ఏం చేస్తుంటే అటు వైపు పెరుగుతుంది, ఇటు తగ్గుతుంది. దాని మీద ప్యాషన్లు ఉంటాయి, ప్రభువు మీద విధేయత, కుటుంబం మీద ప్రేమ, ఫలానా వంశం మీద పగ. పెద్ద యుద్ధంలో ప్రేమ మీద పాచిక వేసి గెలిస్తే రెండింతల వీరుడైపోతారు, ఘోరంగా ఓడితే మతి చెడి అడవి పట్టి పోతారు. ఒక సెషన్ అంటే ఒక ఏడాది, చలికాలం వస్తే పొలం, పెళ్ళి, పిల్లలు, గుర్రాల ఆరోగ్యం అన్నిటికీ పాచికలు వెయ్యాలి. నైట్ చనిపోతే కొడుకు వస్తాడు. నెలకి ఒక్కసారి కలిసేవాళ్ళకి ఇంతకంటే సరిపోయేది ఇంకోటి లేదు, గత నెల ఏం జరిగిందో గుర్తులేకపోయినా ఫర్వాలేదు, అది పోయిన ఏడాది సంగతి.

మా ఊరివాళ్ళం దీన్ని ఎక్కడ ఆడామో చెప్తాను. పల్నాడులో. నలగామరాజు, మలిదేవరాజు, మధ్యలో బ్రహ్మనాయుడు, నాగమ్మ. చిన్నప్పటి నుంచి వీరుల గుడి దగ్గర కథలు విన్నవాళ్ళం, ఆ కథ మొత్తం ప్యాషన్ల మీదే నడుస్తుందని ఈ గేమ్ చదివాక తట్టింది. దాయాదుల పగ, ప్రభువు మీద విధేయత, ఇచ్చిన మాట, తల్లి మీద ప్రేమ. కోడిపందెంలో ఓడి రాజ్యం వదిలి ఏడేళ్ళు వలస పోవాలి, మీ నైట్... మా వీరుడు విధేయత మీద పాచిక గెలిచి రాజు వెంట వెళ్ళాలా, భూమి మీద ప్రేమతో ఉండిపోవాలా? మా ప్లేయర్లలో ఒకడు ఉండిపోయాడు. తర్వాత కారెంపూడి యుద్ధంలో సొంత అన్నకి ఎదురుగా నిలబడాల్సి వచ్చింది. అంత మంచి సెషన్ నేను నడపలేదు.

దీనికి మార్చింది చాలా తక్కువ. క్రైస్తవ నైట్‌కీ పేగన్ (పాత దేవుళ్ళని కొలిచే) నైట్‌కీ వేర్వేరు సద్గుణాలు ఉంటాయి అందులో, వాటి స్థానంలో శైవులకి, వైష్ణవులకి వేర్వేరు జాబితాలు రాసుకున్నాం. గుర్రం మీద ఈటె పోటీలు తీసేసి సాము, కోడిపందెం పెట్టాం. కులం సంగతి ముందే కూర్చుని మాట్లాడుకున్నాం, బ్రహ్మనాయుడి చాపకూడు కథలో ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టి ఆడటం కుదరదు, అలాగని తేలిగ్గా ఆడేదీ కాదు.

ఇంకో సంగతి, మీరు రాసుకున్నది ఎప్పుడైనా అచ్చు వెయ్యాలనిపిస్తే బేసిక్ రోల్‌ప్లేయింగ్ పుస్తకం అప్పుడు పనికొస్తుంది. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ లైసెన్సు మారుస్తారన్న గొడవ జరిగింది కదా, ఆ తర్వాత వేరే కంపెనీలు కలిసి ఓఆర్‌సీ అనే ఓపెన్ లైసెన్సు తెచ్చాయి. కేయోసియం అదే ఏడాది బేసిక్ రోల్‌ప్లేయింగ్ కొత్త ఎడిషన్‌ని దాని కింద వదిలింది. అంటే ఆ రూల్స్‌తో తెలుగులో మీ సొంత గేమ్ రాసి అమ్ముకోవచ్చు, రాయల్టీ కట్టక్కర్లేదు. గ్లోరాంథా, పెండ్రాగన్ లోకాలు మాత్రం అందులో రావు, రూల్స్ మాత్రమే. నేను పల్నాడు నోట్సు ఆ రూల్స్‌లోకి మార్చి రాస్తున్నాను, పూర్తయితే ఇక్కడే పెడతాను.

అర్ధరాత్రి_టేబుల్:

తప్పకుండా పెట్టండి. చదవడానికి నేను సిద్ధం.

కథుల్హు కూడా మన నేల మీదకి తెచ్చుకోవచ్చని కీపర్ గారికి గుర్తు చేస్తున్నాను. 1920లు విసుగు కాదు, 1920ల బోస్టన్ విసుగు. అదే దశాబ్దంలో హైదరాబాద్‌లో ఉస్మాన్ సాగర్ కట్టడం అయిపోయింది, హిమాయత్ సాగర్ కడుతున్నారు, 1908 మూసీ వరద చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. అటు మన్యంలో 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు పోరాటం. జలాశయం కింద మునిగిన నేలలో ఏముందో అన్నది చాలు నాకు ఒక సినారియోకి. ఒక్క జాగ్రత్త: కథుల్హు మూల కథలు రాసిన లవ్‌క్రాఫ్ట్ రాతల్లో తెల్లవాళ్ళు కానివాళ్ళంటే ద్వేషం బాగా కనిపిస్తుంది, తూర్పు దేశాల మనుషులంటే పిశాచాలకి పూజలు చేసేవాళ్ళన్నట్టు. పాత సినారియోల్లో ఆ వాసన మిగిలి ఉంది. మన ఊళ్ళో కథ పెట్టేటప్పుడు గ్రామ దేవతని రాక్షసిగా చూపించే సినారియో రాయొద్దు, బయటినుంచి వచ్చిన దొర ఏదో తవ్వి లేపాడు అనుకోండి, కథ దానంతటదే నడుస్తుంది.

కీపర్_కూకట్‌పల్లి:

అందరికీ చాలా చాలా థాంక్స్. మా గ్రూపులో ఈ సంభాషణంతా చూపించాను. నైట్ డ్యూటీ ఆవిడే ముందు పెండ్రాగన్ అంది, సెషన్‌కి ఒక ఏడాది కథ అన్న మాట ఆవిడకి బాగా నచ్చింది. హార్డ్‌కవర్ అదే తీసుకుంటున్నాం, ఐదుగురం తలా కొంత వేసుకుని. రూన్‌క్వెస్ట్ స్టార్టర్ సెట్ పీడీఎఫ్ నేను విడిగా కొని సోలో అడ్వెంచర్ ఆడి చూస్తాను, గ్రామ దేవతల గురించి నూరు_పాచిక గారు చెప్పింది మనసులో పడిపోయింది. హిమాయత్ సాగర్ మాత్రం వచ్చే ఆదివారమే, మా చేతిలో ఉన్న 7వ ఎడిషన్‌తోనే.

చివరిగా ఒక్కటి: 1920ల నిజాం రాజ్యంలో క్రెడిట్ రేటింగ్ స్కిల్ (మనిషి ఆస్తి, హోదా చెప్పే అంకె) ఎలా వాడాలి? అక్కడ డాలర్లలో పట్టిక ఉంది.

పాత_బాక్సులు:

డాలర్లు మర్చిపోండి. అంకె ఎంతో అదే ఉంచండి, పట్టికలో సొమ్ము బదులు ఆ మనిషికి ఏముందో రాయండి. 10 లోపు కూలీ, 30 దాకా చిన్న గుమస్తా, 50 దాకా వకీలు, డాక్టరు, 70 దాటితే జాగీర్దారు కుటుంబం. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా సొంత రూపాయి చెల్లేది, బ్రిటిష్ రూపాయి విలువ వేరు, కాబట్టి మద్రాసు నుంచి రైల్లో దిగిన ప్లేయర్ ముందు డబ్బు మార్చుకోవడానికి సాహుకారు దగ్గరికి వెళ్ళాలి. మీ మొదటి సన్నివేశం అక్కడే పెట్టుకోండి, ఊళ్ళో ఎవరు కొత్తగా వచ్చారో అందరికంటే ముందు తెలిసేది ఆ సాహుకారుకే.